లగ్జరీ ఎస్‌యూవీకి రూఫ్ రాక్: ఏది తీస్కోవాలి, దానికంటే ముందు కార్లో ఏం సెట్ చేస్కోవాలి

అంత పెద్ద కారు కొన్నాక కూడా డిక్కీ సరిపోవట్లేదంటే బయటోళ్లకి నవ్వొస్తది. కానీ ఏడు సీట్లూ నిండాక వోల్వో ఎక్స్‌సీ90 అయినా ఆడి క్యూ7 అయినా మూడో వరస వెనక మిగిలేది నాలుగు చిన్న బ్యాగుల జాగానే, పైగా ఇక్కడ అమ్మే కొన్ని మోడల్స్‌లో స్టెప్నీ వచ్చి డిక్కీ ఫ్లోర్ మీదే కూర్చుంటది. సంక్రాంతికి ఊరెళ్తుంటే పోయేటప్పుడు సూట్‌కేసులు, వచ్చేటప్పుడు అరిసెల డబ్బాలు, కొబ్బరికాయలు, కొత్త బియ్యం. పంతంగి టోల్ దగ్గర క్యూలో నిలబడ్డప్పుడు పిల్లల కాళ్ల కింద సంచులు చూస్తే అప్పుడు అనిపిస్తది, పైన ఏదైనా బిగించుకుంటే బాగుండు అని.

షాపుకి పోతే మూడు రకాల మాటలు వింటారు. షోరూమ్ వాళ్లు కంపెనీ జెన్యూన్ యాక్సెసరీ తప్ప ఇంకోటి పెట్టొద్దంటారు, బ్రాండెడ్ డీలర్ థూలే (రూఫ్ రాక్‌లు చేసే బ్రాండ్) తీస్కోండి ఇక ఆలోచించకండి అంటాడు, కార్ డెకార్ షాపులో అయితే "సార్ యూనివర్సల్ ఉంది, అరగంటలో ఫిట్ చేసిస్తా" అంటాడు. ముగ్గురూ పూర్తి అబద్ధం చెప్పట్లేదు, అదే చిక్కు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. డబ్బు బార్ల మీద, అంటే రూఫ్‌కి అడ్డంగా బిగించే రెండు రాడ్ల మీద పెట్టండి, బార్ల పైన ఎక్కించే దాంట్లో కావాలంటే తగ్గించుకోండి. ఆ రెండూ కొనకముందే మీ డిక్కీ డోర్ ఎంత ఎత్తు లేస్తది, మీ సెల్లార్ ఎంత ఎత్తుంది అన్న రెండు లెక్కలు తేల్చుకోండి. ఏడాదికి రెండు మూడుసార్లు అవసరం పడేవాళ్లకి బార్ల మీద బిగించే పెద్ద హార్డ్ బాక్స్ (గట్టి ప్లాస్టిక్ పెట్టె) దండగ.

డిక్కీ డోర్ సంగతి

ఈ రేంజ్ కార్లలో దాదాపు అన్నింట్లో డిక్కీ డోర్ మోటార్‌తో లేస్తది. లేచేటప్పుడు డోర్ పై అంచున రెక్కలా ఉండే స్పాయిలర్ రూఫ్ లెవెల్ దాటి పైకొస్తది. మీరు పెట్టిన బాక్స్ తోక వెనక్కి ఎక్కువ జరిగి ఉంటే ఠక్కున తగులుతది. ఏదైనా అడ్డం వస్తే ఆగిపోయే సెన్సర్ ఉంది కదా అనుకోకండి, అది ఆగేలోపు స్పాయిలర్ మీద గీత పడిపోయి ఉంటది, ఆ స్పాయిలర్ పెయింటింగ్‌కి సర్వీస్ సెంటర్ ఇచ్చే ఎస్టిమేట్ చూస్తే బార్ల ధర చిన్నగా కనిపిస్తది.

దీనికి మందు కార్లోనే ఫ్రీగా ఉంది, చాలామందికి తెలీదంతే. వోల్వో, ఆడి, ల్యాండ్ రోవర్ లాంటి వాటిల్లో డోర్‌ని చేత్తో మీకు కావాల్సిన ఎత్తులో ఆపి, డోర్ కింది అంచున ఉండే బటన్‌ని బీప్ వచ్చేదాకా కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆ ఎత్తు గుర్తుపెట్టుకుంటది, తర్వాత ఎప్పుడు తెరిచినా అక్కడే ఆగుతది. బీఎండబ్ల్యూలో స్క్రీన్ మెనూలో ఎత్తు తగ్గించుకునే ఆప్షన్ ఉంటది, మెర్సిడెస్‌లో ఎత్తుకి లిమిట్ పెట్టే సెట్టింగ్ ఉంటది. సెల్లార్‌లో పైన డ్రైనేజీ పైపో స్ప్రింక్లరో వేలాడుతున్న పార్కింగ్ దొరికినోళ్లకి రూఫ్ రాక్ లేకపోయినా ఇది పనికొస్తది. ఇంట్లో పొట్టిగా ఉన్నవాళ్లకి డోర్ అందట్లేదన్న గోల కూడా దీంతోనే పోతది.

బీఎండబ్ల్యూ ఎక్స్5 వాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది, డిక్కీ డోర్ రెండు ముక్కలు. కింది పలక విడిగా తెరుచుకుంటది కాబట్టి పై ముక్క సగమే లేచినా బరువైన సంచిని ఆ పలక మీద దించి లోపలికి నెట్టేయొచ్చు. బాక్స్ పెట్టాలనుకునేవాళ్లకి ఇది నిజంగా కలిసొచ్చే విషయం.

బంపర్ కింద కాలు ఊపితే తెరుచుకునే కిక్ సెన్సర్ గురించి ఒక్క మాట. రెండు చేతుల్లో సామాను ఉన్నప్పుడు బాగుంటది. కానీ తాళం జేబులో పెట్టుకుని పైపుతో కారు కడిగేటప్పుడు ఆ నీళ్ల ధారకే డోర్ లేచిపోయే అవకాశం ఉంది, పైన బాక్స్ ఉంటే నేరుగా వెళ్లి దానికే తగులుతది. రాక్ పెట్టిన రోజుల్లో ఆ ఫీచర్ మెనూలో ఆఫ్ చేసేయండి, లేదా కారు కడిగే అబ్బాయి వచ్చినప్పుడు తాళం ఇంట్లో పెట్టి రండి.

సెల్లార్ లెక్క

ఎక్స్5, క్యూ7, ఎక్స్‌సీ90, మెర్సిడెస్ జీఎల్ఈ ఇవన్నీ సుమారు 1.75 నుంచి 1.8 మీటర్ల ఎత్తుంటాయి. బార్లు, వాటిపైన మామూలు సైజు బాక్స్ కలిపితే ఇంకో అర మీటర్ వేసుకోండి, అంటే 2.25, 2.3 దగ్గరికి వస్తది. మాల్ పార్కింగ్ ముందు పసుపు నలుపు గొట్టం మీద 2.1 అనో 2.2 అనో రాసి ఉంటే ఇక అంతే సంగతులు. ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110 అయితే ఏమీ పెట్టకముందే దాదాపు 1.97 మీటర్లు, దాని మీద బాక్స్ అంటే సెల్లార్ పార్కింగ్ మర్చిపోవడమే.

అపార్ట్‌మెంట్‌లో బోర్డు మీద రాసింది నమ్మకండి, టేప్ పట్టుకుని మీరే కొలవండి. ర్యాంప్ దిగేచోట, వాలు అయిపోయి నేల సమంగా అయ్యే మలుపు దగ్గర కారు ముందు భాగం కిందికి దిగి వెనక భాగం ఇంకా పైనే ఉంటది, సరిగ్గా అక్కడే పైన బీమ్ ఉంటది. కొలత అక్కడ తీయాలి. పాత కాలనీల్లో అయితే సెల్లార్ గొడవ లేకపోయినా స్తంభం నుంచి స్తంభానికి వేలాడే కేబుల్, ఇంటర్నెట్ తీగలు ఉంటాయి, లారీలు వస్తే జనం కర్రతో ఎత్తి పట్టుకునేవి. ఆ సందుల్లో మీ ఇల్లు ఉంటే పైన సైకిల్ నిలబెట్టి తీసుకెళ్లే ఆలోచన ముందే మానుకోండి.

ఎయిర్ సస్పెన్షన్ (గాలితో కారు ఎత్తు మార్చేది) ఉన్నవాళ్లు కారు కిందికి దించుకోవచ్చు కదా అంటారు. ఎక్స్5లో మామూలు ఎత్తు నుంచి గరిష్ఠంగా 40 మిల్లీమీటర్లు దిగుతది, అంతే. నాలుగు సెంటీమీటర్లతో బీమ్ కింద దూరే పని అయితే అది పోవాల్సిన చోటు కాదు. దాని అసలు ఉపయోగం వేరు: పైకి సామాను ఎక్కించేటప్పుడు కారుని కిందికి దించుకోండి, సైకిల్ ఎత్తే భుజానికి ఆ కాస్త తేడా కూడా తెలుస్తది. ఎక్స్‌సీ90లో ఎయిర్ సస్పెన్షన్ ఉంటే వెనక భాగం దించే బటన్ డిక్కీలోనే ఉంటది.

బార్లు: మూడింట్లో ఏది

మీ రూఫ్ మీద పట్టాలు ఎలా ఉన్నాయో చూడండి. పట్టాకి రూఫ్‌కి మధ్య చెయ్యి దూరేంత సందు ఉంటే అది రైజ్డ్ రెయిల్, దానికి ఏ బార్ అయినా చుట్టూ పట్టుకుంటది, తేలిక. సందు లేకుండా రూఫ్‌కి అతుక్కుని ఉంటే ఫ్లష్ రెయిల్, ఇప్పుడొచ్చే లగ్జరీ కార్లలో ఇవి చాలా ఎక్కువ. యూనివర్సల్ క్యారియర్ తేలిపోయేది ఇక్కడే. చుట్టూ పట్టుకోవడానికి జాగా లేదు కాబట్టి షాపువాడు రబ్బరు ముక్క పెట్టి నట్లు గట్టిగా బిగిస్తాడు, ఆ రోజు కదలదు, ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీద పోయి వచ్చాక చూస్తే ఒక వైపు జరిగి ఉంటది, పట్టా మీద మెరుపు కూడా గీకుకుపోయి ఉంటది.

ధర తేడా మామూలుగా లేదు, నిజమే. లోకల్ సెట్ కొన్ని వేలల్లో అయిపోతది, బ్రాండెడ్ దానికి వెనక ఇంకో సున్నా. కానీ బ్రాండెడ్‌లో మీరు కొనేది రాడ్డు కాదు, మీ మోడల్, మీ సంవత్సరం, మీ రెయిల్ రకానికి తగ్గట్టు చేసిన ఫిట్టింగ్ కిట్. అందుకే డీలర్ దగ్గర కారు పేరు చెప్తే సరిపోదు, తయారీ సంవత్సరం, రెయిల్ రకం కూడా అడుగుతాడు. అడక్కుండా బిల్లు కొట్టేస్తుంటే ఆగండి.

జెన్యూన్ బార్లా, థూలే లాంటి బయటి బ్రాండా అంటే నేను రెండోదే అంటా. జెన్యూన్‌లో ఫిట్టింగ్ అచ్చంగా కుదురుతది, వారంటీ మాటలు ఉండవు. కానీ రేపు కారు మారిస్తే బార్లు అటకెక్కుతాయి. బయటి బ్రాండ్‌లో ఫుట్ (బార్‌ని రెయిల్‌కి పట్టి ఉంచే కాలు), కిట్ మార్చుకుంటే చాలాసార్లు అదే బార్ కొత్త కారుకీ వస్తది. ఇంకో రెండేళ్లలో కారు మార్చేవాళ్లకి ఇది పెద్ద తేడా. కారు లీజు మీదో కంపెనీ పేరు మీదో ఉండి తిరిగి ఇవ్వాల్సి ఉంటే మాత్రం జెన్యూనే పెట్టించుకోండి, ఇచ్చేటప్పుడు వాదన ఉండదు.

బార్ ఆకారం కూడా చూడండి. చదరపు ఇనుప గొట్టం చవక, గట్టిదే, కానీ 80 దాటాక ఈల మొదలైతది, పనోరమిక్ సన్‌రూఫ్ అద్దం మీదుగా ఆ సౌండ్ లోపలికి ఇంకా బాగా వస్తది. విమానం రెక్క ఆకారంలో ఉండే అల్యూమినియం బార్ చాలా నయం. కోటి రూపాయల కారులో నిశ్శబ్దం కోసమేగా అంత పెట్టింది, దాన్ని ఇనుప గొట్టంతో పాడుచేస్కోవడం దేనికి.

సన్‌రూఫ్ అన్నాం కాబట్టి: చాలా మోడల్స్‌లో అద్దం పైకి లేచి వెనక్కి జరుగుతది, బార్ దాని దారిలో ఉంటే తగులుతది. బార్లు బిగించాక కారు ఆగి ఉన్నప్పుడు ఒకసారి మెల్లగా టిల్ట్ చేసి చూడండి, అనుమానం ఉంటే రాక్ తీసేదాకా సన్‌రూఫ్ ముట్టుకోకండి, పిల్లలకి కూడా ముందే చెప్పండి.

బరువు

ఎక్స్5, జీఎల్ఈ, ఎక్స్‌సీ90 లాంటి వాటికి రూఫ్ మీద పెట్టగలిగే బరువు 100 కిలోలు, మీ కారు సంగతి మాన్యువల్‌లో రూఫ్ లోడ్ అని ఉంటది చూస్కోండి. ఆ 100లో బార్లు, బాక్స్ కూడా లెక్కే. బార్లు ఒక 6 కిలోలు, పెద్ద బాక్స్ 20 పైచిలుకు, సామానుకి మిగిలేది 70 చిల్లర. పెద్ద బాక్సుల మీద కూడా లోపల 75 కిలోలు దాటొద్దని రాసి ఉండటం మామూలే. లోకల్ ఇనుప బుట్ట అయితే దాని సొంత బరువే సామాను బరువు తినేస్తది.

కాబట్టి 25 కిలోల బియ్యం బస్తాలు, నూనె క్యాన్లు పైన వేయకండి. బరువైనవి కింద డిక్కీలో, వెనక సీటుకి ఆనించి పెట్టి, తేలికగా ఉండి జాగా తినేవి పైకి ఎక్కించండి: దుప్పట్లు, బట్టల బ్యాగులు, మడత కుర్చీలు, పిల్లల స్ట్రోలర్. రూఫ్ మీద బరువు పెరిగేకొద్దీ మలుపుల్లో కారు ఒరుగుడు ఎక్కువైతది, మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు స్టీరింగ్ పట్టుకున్నోడికి వెంటనే తెలిసిపోతది.

రూఫ్ టెంట్ కొనాలనుకునేవాళ్లు రెండు బరువుల తేడా తెల్సుకోవాలి. డిఫెండర్ 110కి ఆగి ఉన్నప్పుడు 300 కిలోలు, నడుస్తున్నప్పుడు టైర్లని, రాక్‌ని బట్టి గరిష్ఠంగా 168 కిలోలు. అందుకే టెంట్‌లో ఇద్దరు పడుకోగలరు గానీ అంత బరువుతో బండి నడపకూడదు. మిగతా లగ్జరీ కార్లలో మాన్యువల్‌లో ఆగి ఉన్నప్పటి లెక్క రాసి లేకపోతే టెంట్ జోలికి పోవద్దనే చెప్తా. డిఫెండర్ వేరే జాతి.

బార్ల మీద ఏం పెట్టాలి

హార్డ్ బాక్స్ చూడ్డానికి బాగుంటది, తాళం ఉంటది, వాన తగలదు. కానీ ట్రిప్ అయ్యాక దాన్ని ఎక్కడ పెడతారు? రెండు మీటర్ల పొడుగు వస్తువు, ఫ్లాట్ బాల్కనీలో పట్టదు, సెల్లార్‌లో గోడకి నిలబెడితే అసోసియేషన్ వాళ్ల మెసేజ్ వస్తది. విల్లా ఉండి, నెలకోసారి బయటికి పోయే అలవాటు ఉంటే తీస్కోండి, లేకపోతే వద్దు. తీస్కుంటే రెండు వైపులా తెరుచుకునేది చూడండి. ఒక్కవైపే తెరుచుకునేదైతే అది ఎడమ వైపు అయ్యుండాలి, మనం ఆగేది రోడ్డుకి ఎడమ పక్క కదా, కుడి వైపు తెరవాలంటే లారీల మధ్య నిలబడాలి. ఎండాకాలంలో ఆ నల్ల ప్లాస్టిక్ పెట్టె లోపల పొయ్యిలా కాగుతది, స్ప్రే డబ్బాలు, మందులు, చాక్లెట్లు, ఎలక్ట్రానిక్స్ ఏవీ పెట్టొద్దు.

మామూలు ఫ్యామిలీకి నా ఓటు వాటర్‌ప్రూఫ్ సాఫ్ట్ బ్యాగ్. పని అయ్యాక మడిచి అలమరాలో పెట్టేయొచ్చు. తాళం ఉన్నా పెద్ద లాభం లేదు, కత్తి ఉన్నోడికి గుడ్డ ఎంతసేపు, కాబట్టి దారిలో హోటల్లో పడుకునే రాత్రి దాన్ని దించేయాలి, అది దీని కష్టం. వాన గట్టిగా కొడితే జిప్ దగ్గర తడి రావచ్చు, లోపల సామాన్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టండి. పట్టీలు డోర్ల లోంచి లోపలికి కట్టేవి కాకుండా బార్లకో రెయిల్‌కో కట్టేవే తీస్కోండి, డోర్లోంచి వచ్చే పట్టీ వెంట వాన నీళ్లు మెల్లగా సీటు మీదకి కారతాయి. పట్టీ గాలికి బుర్రుమని మోగుతుంటే మధ్యలో ఒక్క మెలిక తిప్పి కట్టండి, ఆగిపోతది.

బుట్ట లాంటి ఓపెన్ క్యారియర్ అడ్వెంచర్ లుక్ కోసం తప్ప ఈ కార్లకి నేను చెప్పను. పైన టార్పాలిన్, వల, తాళ్లు అన్నీ మీరే చూస్కోవాలి.

సైకిళ్ల వాళ్లది వేరే కథ. 2023లో ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ తెరిచాక, తెల్లారకముందే కారు మీద సైకిల్ పెట్టుకుని నానక్‌రామ్‌గూడ వైపు పోయేవాళ్లు బాగా పెరిగారు. వీళ్లకి డిక్కీకి పట్టీలతో వేలాడే ర్యాక్ చవకగా దొరుకుతది గానీ ఈ కార్లకి అది సెట్ కాదు, ప్లాస్టిక్ స్పాయిలర్ మీద భారం పడతది, కెమెరా, సెన్సర్లు, నంబర్ ప్లేట్ మూసుకుపోతాయి, మోటార్ డోర్ ఆ బరువుతో లేవదు, లేపకూడదు కూడా. ఒక్క సైకిలే అయితే వెనక సీట్లు మడిచి ముందు చక్రం తీసి లోపలే పడుకోబెట్టండి, రూపాయి ఖర్చు లేదు. రెండు మూడు ఉంటే రూఫ్ మీదే. కార్బన్ ఫ్రేమ్ అయితే ఫ్రేమ్‌ని గట్టిగా పట్టుకునే మోడల్ వద్దు, చక్రాన్ని పట్టుకునేదో ఫోర్క్‌ని (ముందు చక్రం బిగించే కొమ్ముల్ని) పట్టుకునేదో తీస్కోండి. ఎలక్ట్రిక్ సైకిల్ పైకి ఎక్కించే ఆలోచన వద్దు, రూఫ్ మీద సైకిల్ పెట్టే ట్రేలు ఒక్కోటి 20 కిలోల చుట్టూ ఆగిపోతాయి.

మిగతా సెట్టింగులు: మెనూలో చేస్కోవాలా, కోడింగ్ చేయించాలా

సామాను, జనం నిండిన రోజు ఇబ్బంది పెట్టే ఫీచర్ ఒకటుంది. ఇంజన్ ఆపగానే డ్రైవర్ సీటు తనంతట తను వెనక్కి జరిగే ఈజీ ఎంట్రీ. దిగడానికి హాయిగా ఉంటది గానీ వెనక చైల్డ్ సీటో, కాళ్ల దగ్గర సంచో ఉంటే నొక్కేస్తది. ట్రిప్‌కి ముందు ఆఫ్ చేయండి. రివర్స్ వేయగానే ఎడమ అద్దం కిందికి వంగే సెట్టింగ్ మాత్రం ఆన్ చేస్కోండి, అల్లాయ్ వీల్స్ ఫుట్‌పాత్‌కి రాసుకోవు. మే నెలలో ఎండలో పెట్టిన కారు దగ్గరికి నడుస్తూ రిమోట్ అన్‌లాక్ బటన్ నొక్కి పట్టుకుంటే నాలుగు అద్దాలూ దిగి వేడి బయటికి పోతది, చాలా యూరోపియన్ కార్లలో ఉన్నదే, మెనూలో ఆన్ అయ్యుందో లేదో చూడండి. కొన్నింట్లో సన్‌రూఫ్ కూడా దాంతోపాటే తెరుచుకుంటది, పైన రాక్ ఉన్నప్పుడు అది గుర్తుంచుకోవాలి. డ్రైవర్ ఉన్న ఇళ్లలో రెండు తాళాలకి రెండు ప్రొఫైల్స్ కట్టేస్తే సీటు, అద్దాల గొడవ అక్కడితో అయిపోతది.

మెనూలో లేనివి కూడా బయట ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్‌కి కనెక్ట్ చేసే సాకెట్) పెట్టి కోడింగ్, అంటే కారు సాఫ్ట్‌వేర్ సెట్టింగులు మార్చడం, చేసేవాళ్లు ఉన్నారు, బీఎండబ్ల్యూకి బిమ్మర్‌కోడ్, ఆడికి ఓబీడీఎలెవెన్ లాంటివి. లాక్ చేయగానే అద్దాలు మడుచుకోవడం, స్టార్ట్ స్టాప్ (బండి ఆగగానే ఇంజన్ ఆపే ఫీచర్) చివరి స్థితి గుర్తుపెట్టుకోవడం లాంటి చిన్నవైతే పర్లేదు. కానీ సర్వీస్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే అవన్నీ తుడిచిపెట్టుకుపోవచ్చు, వారంటీలో ఉన్న కారుకి ఎలక్ట్రికల్ కంప్లయింట్ వస్తే వేలు మీవైపే చూపిస్తారు. వారంటీ అయిపోయేదాకా నేనైతే మెనూ దాటను. 80 దగ్గర బీప్ తీసేయమని అడిగేవాళ్లే ఎక్కువట, అది 2019 జూలై నుంచి ఇక్కడ అమ్మే కార్లన్నిటికీ తప్పనిసరి చేసిన రూల్, తీయించకండి. పైన సామాను ఉన్న రోజు ఆ బీప్ పని చేయడమే మంచిది. ఓఆర్ఆర్ మీద 120 లిమిట్ ఉన్నా, బాక్స్ మాన్యువల్లో 130 అని ఉన్నా, పక్క గాలి కొట్టినప్పుడు 90, 100 చాలు.

బిగించేటప్పుడు రెయిల్స్ ముందు తుడవండి, దుమ్ము మీద రబ్బరు పెడితే అదే ఉప్పు కాగితంలా గీకుతది. రెండు బార్ల మధ్య దూరం కిట్ పేపర్‌లో ఉన్నట్టే పెట్టండి, కంటి లెక్క వద్దు. మంచి బ్రాండ్లలో టార్క్ (బిగుతు) సరిపోగానే టక్ మనే కీ ఇస్తారు, అది మోగాక ఇంకో చుట్టు తిప్పే మెకానిక్‌ని అక్కడే ఆపండి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి బండి ఆపి చేత్తో ఊపి చూడాలి. ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో బార్లని, బాక్స్‌ని యాక్సెసరీ కింద రాయించండి, లేకపోతే పోయినప్పుడు క్లెయిమ్ రాదు.

ట్రిప్ అవ్వగానే తీసేయండి, డీజిల్ ఊరికే తాగుతది, సౌండ్ వేరే. తీసేటప్పుడు నాలుగు ఫుట్ల మీదా ముందు ఎడమ, ముందు కుడి అని మార్కర్‌తో రాయండి, తాళం చెవి మీద చెక్కి ఉన్న నంబర్‌కి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, చెవి పోతే ఆ నంబర్ చెప్తేనే కొత్తది తెప్పిస్తారు.